వదిన ఇప్పించిన బల్ల

పైబాణం గుర్తున్న బటన్ నొక్కి పట్టుకుంటే బల్ల చిన్నగా మూలుగుతూ లేచింది, కంప్యూటరూ కీబోర్డూ ప్రూఫు కాగితాలూ నీళ్ళసీసా అన్నీ దాంతోపాటే లేచాయి, సీసాలో నీళ్ళు కూడా తొణకలేదు, సరిగ్గా నా మోచేతుల కిందకి వచ్చాక వేలు తీశాను, ఆగింది. ఈ ఆఫీసులో చెప్పిన మాట వినే వస్తువు ఇదొక్కటే అనుకున్నాను. గదిలో అందరూ తలెత్తి చూశారు, చూడరూ మరి, ఇంతమంది కూర్చున్నచోట నేనొక్కదాన్నే నిలబడితే క్లాసులో బెంచీ ఎక్కించిన పిల్లలా ఉంటుంది. కిటికీ పక్కన కూర్చునే తాతగారు, మా సెక్షన్లో అందరికంటే పెద్దాయన, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి "మొత్తానికి ఎదిగావమ్మా" అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అది ఇందాకటి సంగతి. టీకి లేచే వేళ ఇంకా కాలేదు, ఆ ఇందాకా ఈ ఇప్పుడూ ఒకే పొద్దున్నవంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఆ నవ్విన మనిషెవరో గాని అదృష్టవంతురాలు, ఇన్నాళ్ళూ తన ప్రాణం తోడేసిన నడుంనొప్పికి విరుగుడు దొరికిందని మురిసిపోతోంది, డాక్టరు చెప్పినట్టు పాదాలు కాస్త ఎడంగా పెట్టి, తెర కళ్ళకి తిన్నగా ఉందో లేదో చూసుకుని, ఒక కాలు చిన్న పీట మీదికి ఎత్తి, ఈ బల్ల కోసం పట్టుబట్టి, పోయిన గొంతుతోనే గుసగుసగా పై ఆఫీసరుని బతిమాలి ఇప్పించిన వదినని తలుచుకుంటోంది, కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. అప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

హెడ్‌ఫోన్స్ మెత్తనాయన ఇచ్చినవి. ఆయన మా సెక్షన్ హెడ్డు, మెత్తనాయన అనేది మేం పెట్టిన పేరు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, ఎవరికీ పూర్తిమాట చెప్పడు, దూదిలో చుట్టి సగం సగం చెబుతాడు. "కొత్త ఏర్పాటొకటి వచ్చింది మేడమ్, కంప్యూటరే పైకి చదువుతుంది, మీరు వింటూ ప్రూఫు చూసుకోవచ్చు, టీ వేళ దాకా విని చూడండి, మీరు బాగుందంటే రేపట్నుంచి అందరికీ ఇచ్చేద్దాం, మీ చెవంటే నాకు గురి" అన్నాడు. అన్నీ ఒక్క ఊపిరిలో, నా కళ్ళలోకి చూడకుండా, బల్ల అంచు తుడుస్తూ. సరేనన్నాను. ముక్కుతో మాట్లాడే యంత్రం గొంతు ఏదో వస్తుందిలే అనుకుని పెట్టుకున్నాను. మా వదిన చదవడం మొదలుపెట్టింది.

మొదటి ముక్కకే నాకు కలిగింది సంతోషం. దాచడం దేనికి, సంతోషమే. "మోతాదు దిగు పెద్దలకి కా రోజుకి రెండు మాత్రలు కా భోజనం తర్వాత చుక్క." అదే గొంతు, వెడల్పుగా, నిదానంగా, ప్రతి అక్షరానికీ కూర్చోడానికి చోటిచ్చే గొంతు. వదినకి నయమైపోయింది అనుకున్నాను, నయమైపోయి నాకు చెప్పకుండా ఇలా వినిపించి ఆటపట్టిస్తోంది అనుకున్నాను, చెయ్యి దానంతటదే కాగితం మీదికి వెళ్ళి మోతాదు కింద వేలు పెట్టింది. ఇన్నేళ్ళ అలవాటు మరి. మా పనిలో ఎప్పుడూ ఇద్దరుంటారు, ఒకరు కంపెనీ పంపిన అసలు ప్రతిని పైకి చదవాలి, రెండోవాళ్ళు అచ్చుకి వెళ్ళబోయే ప్రూఫు మీద వేలు పెట్టి వింటూ సరిచూడాలి, మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు మావి, చీమతలకాయంత అక్షరాలు, కొన్నవాళ్ళు డబ్బా తెరవగానే నలిపి పారేసేవి, అయినా ఒక్క సున్నా పక్కకి జరిగిందంటే ఎవరి ప్రాణమో పోతుంది, అందుకని కంటిని నమ్మకుండా చెవిని నమ్ముతాం. కామాకి కా, ఫుల్‌స్టాప్‌కి చుక్క, కొత్త పేరాకి దిగు. ఇంట్లో కూడా ఒక్కోసారి అలాగే వచ్చేసేది, "బియ్యం కా పప్పు కా నూనె చుక్క" అని వదిన చెబుతుంటే అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు. వదిన చదవడం, నేను వినడం, అంతే మా జీవితం, బల్లకి ఆవైపు తను, ఈవైపు నేను. నాకు తుమ్ము వచ్చేలా ఉంటే తను ముందే ఆగేది, సున్నా పాయింటు అనే చోటికి వచ్చేసరికి గొంతు కొంచెం లేపేది, జాగ్రత్త అన్నట్టు.

ఇప్పుడు నా చెవిలో ఉన్న వదిన ఆగదు. నేను ఎక్కడో ఉండగానే హెచ్చరికలు దాటి నిల్వ చేసే పద్ధతి దాకా వెళ్ళిపోయింది, వెనక్కి తిప్పాను, మళ్ళీ అంతే నిదానంగా, అంతే ప్రేమగా, నేను ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టు చదివింది. ప్రేమ అంటున్నాను చూడండి, ఇంకా నాకు బుద్ధి రాలేదు. ఆ గొంతుని నేను మొదట విన్నది అన్నయ్య పెళ్ళైన కొత్తలో, నేను ఇంకా స్కూల్లో ఉన్నప్పుడు, పరీక్షల ముందు జ్వరమొచ్చి పుస్తకం పట్టుకోలేకపోతే మంచం పక్కన కూర్చుని పాఠాలన్నీ చదివి వినిపించింది, కళ్ళు మూసుకుని విన్నదే రాసి పాసయ్యాను, అప్పట్నుంచీ నాకు తెలిసినవన్నీ ఆ గొంతుతోనే తెలిసినట్టు ఉంటుంది. అన్నయ్య దుకాణం మూతపడి ఇద్దరూ ఇంట్లో మొహమొహాలు చూసుకుంటూ కూర్చున్న రోజుల్లో చెయ్యి పట్టుకుని ఈ ఆఫీసుకి తీసుకొచ్చింది నేనే. "ఈమె చదువుతుంది, నేను వింటాను, వేరేవాళ్ళతో నన్ను కూర్చోబెట్టకండి" అని అప్పటి హెడ్డుతో నేనే చెప్పాను. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అంటారు, ఆ మాట ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ ఇళ్ళ గురించే వాడాను.

గొంతు పోయింది వానలు మొదలైన రోజుల్లో. ఒకరోజు పొద్దున్న మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చింది, మాట పెగలడం లేదని చేత్తో చూపించింది, డాక్టరు గట్టిగా మాట్లాడొద్దన్నాడట, గుసగుసే మాట్లాడమన్నాడట, ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడట. మెత్తనాయన ఆమెని చివరి గదిలో ఫైళ్ళ పనికి మార్చాడు. నాకు ఇంకొకరిని జత ఇస్తానన్నాడు, వద్దన్నాను, వదిన తిరిగొచ్చేదాకా ఇద్దరి పనీ నేనే చేస్తానన్నాను, ఎవరు చెప్పమన్నారు నన్ను, ఎవరూ చెప్పలేదు. అసలు ప్రతి ఎడమపక్క, ప్రూఫు కుడిపక్క, కళ్ళు అటూ ఇటూ, మెడ అటూ ఇటూ, వినే పని లేదు కాబట్టి ఒక్కో వాక్యం రెండేసిసార్లు, అందరూ వెళ్ళిపోయాక కూడా కుర్చీలో అలాగే వంగిపోయి. మొదట్లో నడుం బరువుగా ఉండేది, తర్వాత లేచేటప్పుడు పట్టేసేది, తర్వాత నొప్పి తుంటి దాటి ఎడమకాలి వెంట తీగలాగా దిగింది. "నీ నడుం నీది కాదు, ఆఫీసుది, మనకి అద్దెకిచ్చారు" అని మా ఆయన రోజూ మందు రాస్తూ గొణిగేవాడు, నడుం కింద దిండు పెట్టుకోమనేవాడు, ఆ పని మానెయ్యమనేవాడు. కూర్చోవడమే నీ జబ్బు అన్నాడు డాక్టరు, కాసేపు కూర్చుని కాసేపు నిలబడి పనిచేసేలా బల్ల ఏదైనా చూసుకోమన్నాడు. ఇవన్నీ వదినకి చెప్పాను. ఎక్కడ నొప్పి, ఎలాంటి నొప్పి, పడుకుంటే ఎలా ఉంటుంది, అన్నీ. తను నా వీపు మీద చెయ్యేసి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "నావల్లే కదే" అని గుసగుసలాడింది. నిజం చెప్పిందన్నమాట. ఆ ఒక్కటీ నిజమే చెప్పింది.

ఇప్పుడు చెవిలో ఆ గొంతు వింటూ ముందు నేను కూడా మంచివైపే ఆలోచించాను. ఇది పాత రికార్డింగు అయి ఉంటుంది, గొంతు బాగున్నప్పుడు ఎప్పుడో తీసి ఉంటారు, పాపం తనకే తెలియకుండా తీసి ఉంటారు అనుకున్నాను. కానీ ఈ కాగితం ఈ పొద్దున్న వచ్చింది, కవరు చింపింది నేనే, ఈ మందు పేరు నిన్నటిదాకా ఎవరూ వినలేదు, వదిన ఎప్పుడు చదివి ఉంటుంది. అంటే ఆమె గొంతు తీసుకుని, ఏ మాట కావాలంటే ఆ మాట దాంతో పలికించే యంత్రం. సరే, అదైనా పాత గొంతుతో చేసి ఉండొచ్చు, చెయ్యొచ్చు కదా, అని ఇంకా వెనకేసుకొస్తూనే ఉన్నాను, ఆడపడుచు వదినని ఇంతలా వెనకేసుకురావడం ఎక్కడైనా విన్నారా. అప్పుడు "సూచన" అంది. "సగం మాత్ర" అంది. "సమయానికి" అంది. స దగ్గర సన్నగా ఈల. కుక్కర్ మూత సరిగా పెట్టనప్పుడు వచ్చేలాంటిది, వేరేవాళ్ళకి వినబడదు, నాకు వినబడుతుంది, నా చెవంటే గురి అన్నాడుగా మెత్తనాయన, ఆ గురి ఎక్కడ తగులుతుందో ఆయన చూసుకోలేదు. ఆ ఈల పాత వదినకి లేదు. గొంతు పోయాక, గొంతు కోసమే చప్పరించే గట్టి బిళ్ళ ఒకటి కొరికి ముందుపన్ను విరగ్గొట్టుకుంది, పళ్ళ డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళింది నేను, తను మాట్లాడలేదు కదా అని ఆయనతో మాట్లాడింది నేను, కొత్తపన్ను కట్టాక పక్కన సందు మిగిలిందని, గుసగుసలో స పలికితే ఈల వస్తోందని, దారంతా ఇద్దరం నవ్వుకుంటూ వచ్చాం. తను చప్పుడు లేకుండా నవ్వింది, భుజాలు ఊగేలా. అంటే ఈ గొంతు ఇచ్చింది ఆ తర్వాత. మఫ్లరు చుట్టుకుని, నాతో గుసగుసలాడుతూ, నేను రోజూ ఫ్లాస్కులో పోసిచ్చిన వేడినీళ్ళు తాగుతూ, అదే రోజుల్లో. నమ్మించి గొంతు కొయ్యడం అంటారు, మా వదిన కొయ్యలేదు, వేడినీళ్ళతో కడిగి భద్రంగా దాచిపెట్టుకుని, నాకు తప్ప అందరికీ ఇచ్చింది.

వేలు ప్రూఫు మీదే ఉంది. ఏ వాక్యం దగ్గరుందో తెలీదు. మడమలు లాగుతున్నాయి, కాళ్ళు మార్చాను, కుడికాలు పీట మీద, ఎడమకాలు కింద. నడుం మాత్రం హాయిగా ఉంది, అదే నాకు కోపం. ఎన్ని దిండ్లు, ఎన్ని పట్టీలు, ఎన్ని మందులు, ఏవీ చెయ్యని పని ఈ బల్ల చేస్తోంది, ఎడమకాలి తీగ ఎవరో మెల్లగా చుట్టచుట్టి తీసేసుకుంటున్నట్టు పోతోంది, ఇంత సుఖంగా నిలబడి ఇంత ఏడుపు వస్తుందని నేను అనుకోలేదు. కాలు మార్చినప్పుడు తల కూడా తిప్పాను, అప్పుడు కనబడింది. చివరి గదికి గాజుతలుపు, దానికి సగం ఎత్తు దాకా తెల్లకాగితం అంటించి ఉంటుంది, లోపలివాళ్ళ పని చెడకుండా అని, కూర్చున్నవాళ్ళకి లోపల లైటు తప్ప ఇంకేం కనబడదు, ఇన్నాళ్ళూ నేను కూర్చునే ఉన్నాను, నడిచేటప్పుడు నడుం పట్టుకుని నేలచూపులు చూసుకుంటూ నడిచాను. ఇప్పుడు కాగితం పైనుంచి చూస్తే వదిన, ఎదురుగా మెత్తనాయన. మఫ్లరు కుర్చీ మీద వేలాడుతోంది. వదిన ఏదో చెబుతోంది, చేతులు తిప్పుతూ, నోరు బాగా తెరిచి, ఒక మాటకి మెత్తనాయన నవ్వాడు, తను తల వెనక్కి వాల్చి నవ్వింది, గుసగుసలాడే మనిషి నవ్వు కాదది, ఆ నవ్వు నాకు తెలుసు, మేడ మీద నవ్వితే వీధిలోకి వినబడుతుంది. గాజు ఇవతల నాకు చప్పుడు రాలేదు. నా చెవిలో ఆమె "పిల్లలకి అందనిచోట ఉంచండి చుక్క" అంటోంది.

ఇదొక్కటే అయితే ఇంట్లో తేల్చుకునేదాన్ని. ఒకమాట అనేదాన్ని, ఏడ్చేదాన్ని, కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉండి మళ్ళీ కలిసిపోయేవాళ్ళం, వదినా ఆడపడుచులకి అదేమంత వింత. కానీ క్యాంటీనులో ఆ రోజు ఉంది కదా. గొంతు పోవడానికి కొన్నాళ్ళ ముందు, మెత్తనాయన చదివేవాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ పిలిచి గొంతులిమ్మని దూదిలో చుట్టి అడిగాడు, ఊరికే కొన్ని వాక్యాలు చదివితే చాలన్నాడు, ఆ సాయంత్రం అన్ని జంటలూ క్యాంటీనులో కూర్చున్నాం. ఒక్క గొంతు దొరికితే చాలు, మిగతా చదివేవాళ్ళెవరూ అక్కర్లేదు, అది అర్థం కానంత అమాయకులం కాదు. ఎవ్వరం ఇవ్వొద్దనుకున్నాం. తాతగారికి వేరే పని రాదు, చూపు మందగించింది, చదవడం కూడా సగం కంఠతా మీద లాక్కొస్తున్నారు, ఆయన నా వంక చూసి మెల్లగా అడిగారు, "అందరి సంగతీ సరే, మంచి గొంతు మీ వదినది, వాళ్ళకి కావాల్సింది అదేనమ్మా, ఆమె మాటేమిటి?" అని. వదిన నా పక్కనే ఉంది, కప్పులోకి చూస్తోంది. నేనే అన్నాను. "మా వదిన గొంతుకి నాది పూచీ తాతగారూ" అన్నాను. అందరూ బల్ల చరిచారు. నోట్లో నాలుక లేనిదాన్ని అనిపించుకునే నేను ఆరోజు అంత గట్టిగా మాట్లాడానని వదిన ఇంటికొచ్చి అన్నయ్యకి చెప్పింది కూడా. తర్వాత గొంతే పోయింది, పోయిన గొంతుని ఎవరు అనుమానిస్తారు, తాతగారు నా దగ్గరకొచ్చి "అయ్యో, అనకూడదు గాని, ఒకందుకు మంచిదే అయింది" అన్నారు, ఆ మాటకి నాకు ఎంత కోపం వచ్చిందో.

అన్నయ్యకి తెలుసు. ఈ మాట ఇప్పటిదాకా పక్కకి నెడుతూ వచ్చాను గాని తెలుసు, తెలియకుండా ఎలా ఉంటుంది. సెలవురోజుల్లో గొంతుకి చికిత్స అని స్కూటరు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది అన్నయ్యే, నేనూ వస్తానంటే "నీ నడుంతో నువ్వెక్కడికే చిన్నీ, పడుకో" అన్నాడు. మా ఇళ్ళు ఒకే మేడ మీద, మధ్యలో వసారా ఒక్కటే, వాళ్ళ తలుపు తీసుంటే మా వంటింట్లోంచి కనబడుతుంది, అలాంటిది నెలల తరబడి ఆ ఇంట్లోంచి నాకు వదిన మాట వినబడలేదంటే, నేను వింటానేమోనని ఇద్దరూ ఎంత జాగ్రత్తగా బతికి ఉంటారు. నేను గుమ్మంలోకి వెళ్ళగానే అన్నయ్య దగ్గేవాడు. పొగ పడటం లేదేమో, డాక్టరుకి చూపించుకో అనేదాన్ని నేను. ఆ దగ్గు వదినకి సైగ. ఇన్నాళ్ళూ చెవిలో పువ్వు పెట్టించుకుని ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగాను, మెడకి చుట్టుకోవడానికి నా పెళ్ళినాటి మెత్తటి శాలువా కూడా ఇచ్చాను. ఒకసారి అన్నయ్య అన్నాడు, "మీ వదిన గొంతు ఆ చీమతలకాయలు చదువుతూ ఎవరికీ వినబడకుండా పోతోందే, ఊరంతా వినాల్సిన గొంతు అది" అని. నేను అవునన్నాను. ఎందుకు, ఒకరు వింటే చాలదా అని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది, నేనొక్కదాన్నీ వింటే చాలలేదా వదినా నీకు.

కుర్చీలు కదులుతున్నాయి. టీ వేళ దగ్గరకొచ్చింది. తాతగారు చేత్తో తడుముకుంటూ కళ్ళజోడు డబ్బా వెతుక్కుంటున్నారు, ఆయన ఎదుట కూర్చునే అమ్మాయి తీసి చేతిలో పెట్టింది, రేపు ఆ బల్ల మీద కూడా ఈ హెడ్‌ఫోన్స్ ఉంటాయి, ఆ అమ్మాయి చెవిలో కూడా మా వదినే ఉంటుంది. అప్పుడు వీళ్ళందరూ ఏం చూస్తారు. నన్ను చూస్తారు. ఈ గదిలో అందరికంటే ఎత్తున, అందరికీ కనబడేలా, ఎవరికీ లేని కొత్త బల్ల వేసుకుని నిలబడ్డదాన్ని. పూచీ ఇచ్చింది ఎవరు, నేను. గొంతిచ్చింది ఎవరు, మా వదిన. బల్ల ఎవరికొచ్చింది. ఇందులో విడదీసి చూడ్డానికి ఏముంది, నేను వాళ్ళ చోట ఉన్నా అంతే అనుకుంటాను, ఇంటిల్లిపాదీ కలిసి అమ్ముకున్నారు, దీనికి బల్ల పడేశారు అనుకుంటాను. కాదని నేను ఎంత చెబితే అంత గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. బల్ల అడగబోయే ముందు వదిన, నీ నడుం చూడలేకపోతున్నానే అంది. నా మీద జాలితోనే అడిగి ఉంటుంది, అది కూడా నాకు తెలుసు, జాలి పడుతూనే ఇందులోకి నన్నూ లాగింది. కిందిబాణం మీద వేలు పెట్టాను. దించేసి కూర్చుంటే? కాస్త దించాను కూడా, కుర్చీ లాక్కుని కూర్చోబోయాను, సగం వంగానో లేదో తీగ మళ్ళీ కాల్లోకి సర్రున దిగింది, పళ్ళు బిగబట్టి లేచి బల్లని మళ్ళీ పైకి తెచ్చుకున్నాను. కూర్చుంటే నడుం పోతుంది, నిలబడితే పరువు పోతుంది, ఇదీ మా వదిన నాకు ఇప్పించింది.

మెత్తనాయన తలుపు తీసుకుని బయటికొచ్చాడు, దూరం నుంచే బొటనవేలు ఎత్తి బాగుందా అన్నట్టు తలాడించి, జవాబు కోసం ఆగకుండా మెట్లవైపు వెళ్ళిపోయాడు. బాగుంది అంటే చాలు. ఒక్క మాట. సాయంత్రం వదినా నేనూ కలిసి ఇంటికి వెళ్తాం, అన్నయ్య దగ్గుతాడు, రేపు ఎవరో ఒకరు గొంతు గుర్తుపడతారు, నాకేం తెలీదు అంటాను, నమ్మేవాళ్ళు నమ్ముతారు. ఇంటి గుట్టు ఇంట్లో ఉంటుంది. బాగాలేదు అంటే ఆయన ఇంకొకరి చెవికి పెడతాడు. ఇంకేదైనా చేస్తే వసారా అవతలి తలుపు నాకు మూసుకుపోతుంది, పుట్టింటి వైపు అన్నయ్య ఒక్కడే నాకు, వాడి మొహం మళ్ళీ ఎలా చూస్తానో తెలీదు. ఇదంతా ఆలోచిస్తూనే ఉన్నాను, చివరి గది తలుపు మళ్ళీ తెరుచుకుంది, వదిన బయటికొచ్చింది. మఫ్లరు మెడ చుట్టూ ఉంది. అంత చక్కగా, అంత తొందరగా ఎప్పుడు చుట్టుకుందో, చుట్టుకుంటూ ఒక్కసారైనా సిగ్గేసిందో లేదో. ఫ్లాస్కు పట్టుకుని తిన్నగా నా దగ్గరకే వచ్చింది, దారిలో తాతగారు "ఎలా ఉందమ్మా గొంతు?" అంటే చెయ్యి అడ్డంగా ఊపింది, ఏదో ఇలాగే అన్నట్టు. వచ్చి బల్ల మీద చెయ్యేసి రాసింది, నా మొహంలోకి చూసి నవ్వింది. నేను ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి జరిపాను.

"నడుం సర్దుకుందా?" అంది గుసగుసగా. స దగ్గర ఈల. రెండో చెవిలో తనే "సందేహం ఉంటే డాక్టరుని సంప్రదించండి" అంటోంది, నిండుగా, అదే ఈలతో.

"ఏంటే వింటున్నావ్?" అని మళ్ళీ గుసగుస. మెత్తనాయన ఈమెకి కూడా సగమే చెప్పాడన్నమాట.

"గట్టిగా అడుగు వదినా" అన్నాను.

మఫ్లరు మీద చెయ్యి పెట్టుకుంది, నన్ను కోప్పడుతున్నట్టు తల ఊపింది.

"గట్టిగా అడుగు. ఒక్కసారి అడుగు, నేనేం అనను." నిజంగానే ఏమీ అనేదాన్ని కాదు. ఆ క్షణాన తను నోరు తెరిచి నన్ను పిలిచి ఉంటే, క్షమించమని కూడా అక్కర్లేదు, ఉత్తినే పిలిచి ఉంటే, ఈ గదినీ పూచీనీ పరువునీ అన్నిటినీ వదిలేసేదాన్ని, బాగుంది అని చెప్పేసేదాన్ని. కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఏదో అర్థమైనట్టే ఉంది. ఒక్క క్షణం పెదవులు విడివడ్డాయి. తర్వాత నా చెవి దగ్గరకి వంగి, నేను వీపు చూపించి ఏడ్చినప్పుడు వంగినట్టే వంగి, "డాక్టరు వద్దన్నాడు కదే" అని గుసగుసలాడింది.

హెడ్‌ఫోన్స్ తీగ పీకేశాను. కంప్యూటరు పక్కనున్న స్పీకర్లు ఒక్కసారి గరగరలాడి అందుకున్నాయి, "ఈ మందు వాడే సమయంలో కా కళ్ళు తిరిగినా కా మగతగా అనిపించినా కా" అంటూ వదిన గొంతు గదంతా నిండిపోయింది, లేవబోతున్నవాళ్ళు లేవకుండా ఆగిపోయారు, ఎవరి చేతిలోదో పెన్ను కింద పడింది. తాతగారు ముందు వదిన మొహంలోకి చూశారు, ఆమె పెదవులు కదలడం లేదు, తర్వాత కంప్యూటరు వంక చూశారు, తర్వాత నా వంక చూశారు, నేను తల దించుకోలేదు, దించుకుంటే ఆ తప్పు నాది కూడా అయిపోతుంది. వదిన రెండు చేతులూ చాచి బల్ల మీద పడింది, తీగ కోసం, బటన్ కోసం, దేనికోసమో తడుముతూ, ఫ్లాస్కు దొర్లి కింద పడింది.

"ఆపు! ఆపవే చిన్నీ, ఆపు!"

ఎంత నిండుగా ఉందో ఆ గొంతు. ఎన్ని నెలల తర్వాతో మా వదిన నాతో గొంతు విప్పి మాట్లాడింది, గదిలో అందరూ విన్నారు. నేను ఆపలేదు.